కంచం మోత

"కోవమంతా ఆ కంచాలమీదేనా?" అంది మా అత్త అలిమేలమ్మ. కంచాన్ని నేను వంటింటి బండమీద మెల్లగానే పెట్టాను. కోడలు కోపంతో గిన్నెలు విసురుతోందని ఆమె తిరుత్తణిలో మా ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ చెప్పింది. మా ఆయన దామోదరన్ కూడా, "పెద్దామె గదా, పైలంగా పెట్టకూడదా?" అన్నాడు. కాదని చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

అత్త చెవిలోని వినికిడి మిషన్ మా కంపెనీదే. ఇంకా అమ్మకానికి రాలేదు, వాడి చూడమని నేనే తెచ్చాను. అందులో శబ్దాన్ని వడకట్టే ఫిల్టర్ ప్రోగ్రాం ఇంటినుంచే రాయడం నా ఉద్యోగం. ఇంట్లో దాని పేరు 'చెవిలో పాటలు పెట్టుకొని కూర్చోవడం'. ఆ ఫిల్టర్ శబ్దాన్ని కోసే అంచు మరీ నిటారుగా ఉంది, చిన్న చప్పుడుకూ మోగుతుందని ముందే చెబితే, మా మేనేజర్ ఆనంద్‌రాజ్, "ఇంట్లో కూర్చునేవాళ్లకు అన్నీ వినిపిస్తాయి" అని నవ్వేశాడు. మీటింగులో అందరూ నవ్వారు.

ఒక మధ్యాహ్నం అత్త స్నానానికి వెళుతూ మిషన్ తీసి పెట్టింది. పప్పు పొయ్యిమీద ఉంది. మిషన్ నా చెవికి పెట్టుకొని కంచాన్ని బండమీద ఆనించాను. విసిరికొట్టినట్టే వినిపించింది! అప్పటిదాకా ఆమె అబద్ధమాడుతోందనే అనుకున్నాను.

ఆ చప్పుడును రికార్డు చేసి చూశాను. తెరమీద గీత ఉండాల్సిన ఎత్తు దాటి ఎగిరి, కిందికి దిగి, చప్పుడు ఆగిపోయాక కూడా సన్నగా వణుకుతూనే ఉంది. అక్కరలేని శబ్దాన్ని ఒక్క వేటున కోసేయాలని చూస్తే అంతే. అంచును వాలుగా మార్చాను. ఫ్యాను హోరు కొంచెం లోపలికి వస్తుంది, రానీ అనుకున్నాను. ఈలోగా పప్పు మాడింది. మళ్లీ వండాను.

మరునాడు కొత్త ఫిల్టర్ ఎక్కించి మిషన్ అత్త చెవికి పెట్టి, ఆమె ఎదుటే కంచం దించాను. ఆమె ఇంకోసారి పెట్టమంది.

"ఇన్నాళ్లూ అరిచింది ఈ మిషనా?"

"అవునత్తా. నేను యెప్పుడూ మెల్లగానే పెట్టినాను."

ఆమె కంచాన్ని తానే ఎత్తి బండమీద పెట్టి చూసింది. తరువాత, "అయితే నీకు కోవమేమీ లేదన్నమాట" అంది, ఊరటగా.

లోపలినుంచి దామోదరన్ కాఫీ అడిగాడు. నేను లేవలేదు.

"కోవం ఉండాదత్తా," అన్నాను. "ఇప్పుడు నీకు బాగా ఇనిపిస్తుండాది గదా. కూర్చో, చెప్తాను."