ఇస్త్రీ చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది మా ఆవిడ అనే మాట, అబద్ధమేమీ కాదు. ఇరవై ఏళ్లుగా లాండ్రీలో ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడ్డవాడికి చల్లటి స్వభావం ఎక్కణ్ణుంచి వస్తుంది? వాళ్లక్క కాన్పుకని ఆవిడ ఊరెళ్లిన రెండో రోజే మా ఏడేళ్ల పిల్లకి జ్వరం తగులుకుంది. నిమిషం ఒకచోట నిలవదు కాబట్టి దాన్ని ఉడుత అంటాం. ఆ ఉడుత మూడంకె వేసి పడుకునేసరికి ఇల్లు ఇల్లులా లేదు.

డాక్టరమ్మ చూసి వైరల్ జ్వరమంది. వారం పైగా వస్తూ పోతూ ఉంటుందట. నీళ్లు బాగా తాగించమంది, తను రాసిన మందు రాసినంతే వెయ్యమంది, పూటపూటా థర్మామీటర్ పెట్టి కాగితం మీద రాయమంది. రెండు రోజులు బుద్ధిగా రాశాను. మూడో రోజు థర్మామీటర్ బ్యాటరీ అయిపోయింది. నా చెయ్యి ఉండగా ఆ పుల్ల దేనికి అనుకున్నాను. నుదురు ముట్టుకుంటే తెలియదా అని మా ఆవిడకి ఫోన్‌లో గొప్పలు కూడా పోయాను.

నాలుగో రోజు పొద్దున్న నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగానే అనిపించింది. జ్వరం పోయిందని ఫోన్ చేస్తే అటు మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఉడుత మాత్రం చలేస్తోందంటూ దుప్పటి వదల్లేదు. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుని గట్టిగా కసిరాను. అది దుప్పటి తోసేసి లేచింది. గౌను బొత్తాం ఒకటి పక్క కాజాలో పెట్టుకుంటే దానికీ విసుక్కున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పదకొండింటికి బడి నుంచి టీచరమ్మ ఫోన్ చేసింది. పిల్ల ఒళ్లు కాలిపోతోందని, ఇలాంటి పిల్లని ఎలా పంపారని నిలదీసింది. పరుగున వెళ్లేసరికి ఉడుత టీచర్ల గదిలో బెంచీ మీద పడుకుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు.

"నేను వేషాలెయ్యలేదు నాన్నా," అంది.

తల తీసేసినట్టయింది. దాన్ని భుజాన వేసుకుని అటునుంచటే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నూటమూడు. భయపడాల్సిన లక్షణాలేవీ లేవు, జ్వరం ఇంకా దిగలేదంతే అందావిడ. చేత్తో చూశానని చెబితే నా అరచేతులు తిప్పించి చూసింది. ఇంత గట్టిపడిపోయిన చేతులకి పిల్ల వేడి ఏం తెలుస్తుందయ్యా అంది. నిజమే. పెట్టె కింద నుంచి తీసిన చొక్కాని వేడివేడిగా అరచేత్తోనే సాపు చేస్తాను. ఆ చేతికి నూటమూడు ఒక లెక్కా?

దుకాణం మూసేశాను. కొత్త థర్మామీటర్ కొన్నాను. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడిచాను, చెంచాడు చెంచాడు నీళ్లు పట్టాను. తప్పు నాదే తల్లీ అని ఎన్నిసార్లు అన్నానో. అది తలూపేది. కానీ ఒంట్లో ఎలా ఉందంటే మాత్రం, "నాకేం తెలుసు, నువ్వే చూసుకో," అనేది. రోజంతా వాగే పిల్ల. ఇక ఏ నొప్పొచ్చినా నాతో చెప్పదేమోనని నాకు బెంగ పట్టుకుంది. జ్వరం ఎలాగూ దిగుతుంది, ఈ బెంగకి ఏ డాక్టరమ్మ మందు రాస్తుంది?

ఏడో రోజు సాయంత్రం, మర్నాటికి ఇచ్చేస్తానన్న నాలుగు చొక్కాలు ఇంటికే తెచ్చుకున్నాను. ఉడుత మంచం మీద కూర్చుని చూస్తోంది. పెట్టె కాలిందో లేదో అలవాటు కొద్దీ చెంప దగ్గరికి తెచ్చి చూసుకున్నాను. చెంపకి సెగ ఇట్టే తెలుస్తుంది. మా పనివాళ్లందరం అలాగే చూస్తాం.

"పెట్టెనైతే బుగ్గతో చూస్తావుగా. మరి నన్నెందుకు చేత్తో చూశావు?"

పెట్టె ఆపి, ప్లగ్గు పీకి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. నా చెంప దాని నుదుటికి ఆనించాను. గడ్డం గుచ్చుకుంటోందని సణిగింది గాని తల తీసెయ్యలేదు.

"కొంచెం వెచ్చగా ఉందమ్మా," అన్నాను. "నీకెలా ఉంది?"

అది నా మొహంలోకి చూసింది.

"చలేస్తోంది నాన్నా."

ప్రాణం లేచొచ్చింది. థర్మామీటర్ తర్వాత పెట్టొచ్చు. ముందు దుప్పటి తెచ్చాను.