నల్ల బరిణెలు

ఆదివారం పొద్దున్నే టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు తడుపుతూ భార్గవి ఈల వేయడం మొదలుపెట్టింది. "ఆడమనిషి ఈలేసేదేందే?" అని అత్తగారు అనసూయమ్మ హాల్లోంచి కేకేసినా ఆపలేదు. హైటెక్ సిటీలో గిఫ్టుల ప్రదర్శనకు వెళ్లబోతున్న సంబరం అది.

కొండాపూర్‌లో వాళ్ల ఫ్లాటు సగం అట్టపెట్టెలే. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ రిటర్న్ గిఫ్టులు పంపే వ్యాపారం. రంగు ఎంచేది, పెట్టెలో సర్దేది, రిబ్బను కట్టేది, ఏదో పగిలిందని ఫోన్ చేసిన పెళ్లికూతురి తల్లిని బుజ్జగించేది భార్గవి. వ్యాపారం మాత్రం ఆమె భర్త గిరీష్‌ది. "మా ఆవిడ ప్యాకింగులో కాస్త సాయం చేస్తుంది" అంటాడు ఆఫీసు స్నేహితులతో, ఆ 'కాస్త'ను బాగా సాగదీసి. "ఇంట్లో కూర్చోని రిబ్బన్లు కట్టేదీ ఒక పనేనా?" అంటుంది అనసూయమ్మ. ఆ పని కాని పనికే భార్గవి వేళ్లు కందిపోయేవి. ఒళ్లు మండేది కూడా. నోరు మాత్రం లేచేది కాదు.

ప్రదర్శనలో అడుగు పెట్టగానే అదంతా మరిచిపోయింది. జాడీలు, జనపనార సంచులు, లక్క బొమ్మలు, దేన్నీ ముట్టుకోకుండా వదల్లేదు. స్టాళ్లవాళ్లు మాత్రం విజిటింగ్ కార్డు గిరీష్ చేతికిచ్చి, ఆమెకు చాక్లెట్ ఇచ్చారు. చాక్లెట్లు బాగానే ఉన్నాయి, అన్నీ తినేసింది.

ఉదయశ్రీ అనే ఆవిడ స్టాల్లో గిరీష్ ఆగిపోయాడు. నల్లటి లోహపు కుంకుమ బరిణెలు, నిగనిగలాడుతున్నాయి. "చూస్తివా, ఎంత స్టైల్‌గా ఉండాయో! శ్రావణమాసం ఆర్డర్లన్నిటికీ ఇవే. అడ్వాన్స్ కొట్టేస్తా."

శ్రావణమాసమంటే వాయనాలు. పసుపు, తమలపాకుల పక్కన నల్ల బరిణె పెడితే తీసుకోవడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఈ పట్టింపులంటే భార్గవికి నవ్వే. కానీ సరుకు తిరిగొస్తే మాటలు పడేది ఆమే కదా.

"నలుపు వద్దండీ, వాయనాల్లో ఎవరూ తీసుకోరు. ఆ పసుపుపచ్చ లక్కవి చూడండి" అంది.

"నువ్వు ఊరికే ఉండు భార్గవీ. ఇది ట్రెండ్." గిరీష్ ఉదయశ్రీ వైపు తిరిగి నవ్వాడు. "ఈమె ప్యాకింగ్ వరకే లెండి."

ఏడుపొస్తుందేమో అనుకుంది భార్గవి. నవ్వొచ్చింది.

"అవునండీ, ప్యాకింగ్ వరకే" అంది ఉదయశ్రీతో. "ఈ నల్లవి తీసుకుంటే ఆ ప్యాకింగ్ కూడా ఈయనే చేసుకుంటారు. రిబ్బను ముడి వేయడం కాస్త నేర్పించి పంపండి."

అడ్వాన్స్ కట్టడానికి గిరీష్ అప్పటికే ఫోను జేబులోంచి సగం తీశాడు. రిబ్బన్లే గుర్తొచ్చాయో, పెళ్లికూతుళ్ల తల్లులే గుర్తొచ్చారో, ఫోను మళ్లీ జేబులో వేసుకున్నాడు. "సరే, నీ ఇష్టం" అని గొణిగాడు.

ఉదయశ్రీ నవ్వాపుకుంటూ కుర్చీ లాగి భార్గవికి వేసింది. "కూర్చోండమ్మా. పసుపుపచ్చవి ఎన్ని కావాలండి?" ఇద్దరూ టీ తాగుతూ తీరిగ్గా బేరమాడుకున్నారు. గిరీష్ పక్కన నిలబడి విన్నాడు.

లేస్తూ భార్గవి అడిగింది. "వచ్చే ఏడాది ఇక్కడ స్టాలు పెట్టాలంటే ఎవరిని కలవాలండీ?"

"ఆ మూల ఆఫీసు ఉందండి. ఎవరికి, స్టాలు?"

"నాకు" అని భార్గవి అటు నడిచింది. గిరీష్‌ను ఒక్కమాటైనా అడగలేదన్న సంగతి సగం దూరం వెళ్లాక గాని ఆమెకు తట్టలేదు. తట్టాక కూడా వెనక్కి తిరగలేదు.