గామా టాటా

థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ మందు తాగి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఇంటికొచ్చాను. మా ఏడాది పాపకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పడంతో వెనకగదిలో చేరాను.

సాయంత్రం ఏడుస్తున్న పాపతో అత్తమ్మ తలుపు తీసింది.

"ఏందే గీ అంటు? తలకు పోసుకుంటే పోదా?"

"మైల కాదత్తమ్మా, రేడియేషన్. మందులోని బీటా కిరణం లోపలే ఉండి జబ్బును కాలుస్తది. గామా కిరణం ఒళ్లు దాటి బయటికొస్తది."

"తలుపేస్తే ఆగదా?"

"మన తలుపు పిల్లినే ఆపదు. పాపను దూరం తీస్కపో."

పాప చేతులు చాచింది. గోడ తగిలేదాకా వెనక్కి జరిగాను. అది చూసి అత్తమ్మ హాలు చివరికి పోయి, నాకు కనిపించేలా పాపను పైకెత్తింది.

నేనెటో పోతున్నాననుకుని పాప టాటా చెప్పింది. నేనూ చెయ్యూపాను.