తోకాయన వచ్చేదాకా

అరవై మూడో జెండా నేలలో దింపుతుండగా తోకాయనకి ఎడమచెయ్యి బరువెక్కింది. గునపం మోసినంత బరువు. గునపమేమో కుడిచేతిలో ఉంది. ఇదెక్కడి లెక్క అనుకుని, ఎడమచేతిని రెండుసార్లు విదిలించి, జెండా కర్ర చుట్టూ మట్టిని బూటు మడమతో తొక్కాడు. పట్టుకుని ఊపి చూశాడు. కర్ర కదల్లేదు. ఆయనే కాస్త ఊగాడు.

తెల్లవారి గంటయింది. రాత్రి కురిసిన వానకి గుట్ట కింది పొలం మెత్తబడి, అడుగేస్తే చీలమండ దాకా దిగుతోంది. వెనక పొగమంచులో ఆయన పాతుకుంటూ వచ్చిన జెండాలు వరసగా తలలు వేలాడేసి నిలబడ్డాయి. ఎర్రవి ఎడమకి తిరగమని, పసుపువి కుడికి తిరగమని. మొత్తం ఎనభై ఎనిమిది. పాతేవన్నీ పాతవే అని ఏటా ఆయన వేసే జోకు. మొదట్లో సున్నం చల్లేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు జోకు కూడా పాతబడింది. ఆయన మాత్రం జెండాలతో పాటు దాన్నీ ఏటా పాతుతూనే ఉన్నాడు.

దేశంలోని స్కూళ్ళన్నిటికీ కలిపి ఏడాదికొకసారి జరిగే క్రాస్ కంట్రీ ఫైనల్ అది. పొలం, కాలవ గట్టు, గుట్ట, బురద దాటుకుంటూ పిల్లలు నాలుగు కిలోమీటర్లు పరిగెడతారు. చూసేవాళ్ళకి అది పరుగు. జరిపేవాళ్ళకి అది తాళ్ళు, కుర్చీలు, పిన్నీసులు, నీళ్ళ డ్రమ్ములు, నాలుగువందల మందికి రెండు మరుగుదొడ్లు. తోకాయన ఒక స్కూల్లో అటెండరు. ఏడాది పొడుగునా గంట కొడతాడు, బల్లలు మోస్తాడు. ఈ ఒక్కరోజు మాత్రం దేశంలోకెల్లా ఆఖరి పిల్ల వెనక నడుస్తాడు. ఇరవై అడుగుల దూరంలో, ఆ పిల్ల దాటిన జెండాని దాటినట్టే పీకి సంచిలో వేసుకుంటూ, ముగింపు గీత దాకా రావాలి. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఇదే పని. అందుకే తోకాయన. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో భద్రంగా ఉంది. ఎవరూ వాడకపోవడంతో కొత్తదిలాగే ఉంది.

ఏభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి మెడ, వాలిన భుజాలు, బల్లలు మోసీ మోసీ ఒక పక్కకి ఒరిగిన నడుము. కుడి బూటు ముందుభాగం సైకిలు ట్యూబు ముక్కతో అంటించుకున్నాడు. చదునుపాదాలు కాబట్టి పరుగనేది ఆయన ఒంట్లోనే లేదు. ఈ పని కూడా కోరుకుని తీసుకున్నది కాదు. మొదటి ఏడాది ఎవరికీ అక్కర్లేక ఆయనకి తగిలింది. "ముందొచ్చినవాళ్ళకి మెడల్, వెనకొచ్చినవాళ్ళకి మడమల నొప్పి," అంటాడు ఎవరైనా అడిగితే. అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, వంగి బూట్ల తాళ్ళు కట్టింది. ఆయన వంగితే ఆయాసం వస్తోంది ఈ నెల్లాళ్ళుగా.

"పదింటికి మాత్ర. గుట్ట ఎక్కొద్దన్నాడు డాక్టరు, గుర్తుందా?"

"మెట్లెక్కొద్దన్నాడు. గుట్టకి మెట్లెక్కడున్నాయి?"

"మీ నోటికి పాతాలి ఒక జెండా. ఈ ఏడాదితో ఆఖరు. మాటిచ్చారు."

"ముప్ఫై ఏళ్ళుగా ఆఖర్నే ఉన్నా. నాకు ఆఖరు కొత్తా?"

ఆవిడ నవ్వలేదు. రెండో బూటు తాడుకి రెండు ముళ్ళు వేసింది.

ఎనిమిదింటికి కార్యదర్శి వచ్చాడు. ఈ పోటీలు నడిపే సంఘానికి ఆయనే పెద్ద. కార్యం ఇతరులది, దర్శనం ఆయనది. తోకాయన భార్యకి తమ్ముడు. తెల్లచొక్కా, మెరిసే నల్లబూట్లు, బురద అంటకుండా దారిలో పరిచిన చెక్కల మీదే నడుస్తున్నాడు.

"బావా, ఇదిగో వాకీటాకీ."

"వాకీ నాది, టాకీ నీది," అని తోకాయన దాన్ని నడుముకి తగిలించుకున్నాడు.

"జోకులు తర్వాత. ముఖ్య అతిథి పన్నెండుకి వెళ్ళిపోవాలట. అమ్మాయిల పరుగు పదకొండున్నరకల్లా మూసెయ్యాలి. సాగదీయకు."

"సాగదీసేది నేనా, పిల్లలా?"

"పిల్లలు పరిగెడతారు. నువ్వే వాళ్ళని ఊరేగింపు చేసి తెస్తావ్."

తోకాయన ఎనభై ఎనిమిదో జెండా తీసుకుని ఆఖరి మలుపు వైపు నడిచాడు.

ఆ మలుపు పంపుషెడ్డు వెనక ఉంటుంది. అక్కడ ఎడమకి తిరిగితే రెండువందల అడుగుల్లో గీత. షెడ్డు అడ్డం కాబట్టి గీత దగ్గరున్నవాళ్ళకి మలుపు కనబడదు. అక్కడ పాతే జెండా మిగతావాటికన్నా బాగా ఎర్రగా ఉంటుంది. దానికో కారణం ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట ఇలాగే కార్యదర్శి తొందరపెడితే తోకాయన గబగబా జెండాలు పీక్కుంటూ వచ్చేశాడు. ఒక పిల్ల తుప్పల చాటున కూర్చుని వాంతి చేసుకుంటోందని చూసుకోలేదు. జెండాలు లెక్కపెట్టాడు గాని తలకాయలు లెక్కపెట్టలేదు. ఆయన గీత దాటాడు. దాటాడంటే పోటీ ముగిసినట్టే. సంఘం నియమాల పుస్తకంలో ఏడో నియమం అది: వెనక నడిచే మనిషి గీత దాటేదాకా గడియారం ఆపకూడదు, దాటాక మళ్ళీ నడపకూడదు. గడియారం ఆపేశారు, తాళ్ళు చుట్టేశారు, కుర్చీలు లారీకెక్కాయి. ఇరవై నిమిషాల తర్వాత ఆ పిల్ల నడుము దాకా బురదతో మలుపు తిరిగి వచ్చింది. తాళ్ళు లేని దారిలో తాళ్ళున్నట్టే పరిగెత్తి, చెదిరిపోయిన సున్నపు గీత దాటి ఆగింది.

"కార్డు ఎవరిస్తారండీ?" అని అడిగింది. ఎన్నోదానివో చెప్పే కార్డు ఇచ్చేవాళ్ళు అప్పట్లో. కార్డుల పెట్టె వెళ్ళిపోయింది. తోకాయన సంచిలోంచి ఒక ఎర్రజెండా తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "థాంక్సండీ," అంది ఆ పిల్ల. ఫలితాల కాగితంలో ఆ నంబరు ఎదురుగా 'పూర్తి చెయ్యలేదు' అని పడింది. ఆ థాంక్స్ మాత్రం ఈనాటికీ ఆయన గొంతు దిగలేదు. ఇంటికెళ్ళి ఒక జెండా తగ్గిందని మాత్రమే చెప్పాడు. భార్య పాత ఎర్రదుప్పటి చించి ఇంకోటి కుట్టింది. అదే ఈ ఎనభై ఎనిమిదోది.

అమ్మాయిల పరుగు పదిన్నరకి మొదలైంది. పదింటికే తోకాయన మాత్ర వేసుకున్నాడు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, మాత్ర నిలబెట్టుకోలేదు. తుపాకీ పేలగానే నూట తొంభై మంది బురదని ఎగజిమ్ముకుంటూ పోయారు. ఆ చప్పుడు వెళ్ళిపోయాక పొలం ఖాళీగా, గాయపడ్డట్టుగా మిగిలింది. ఆయన సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు.

కిలోమీటరు దాటాక ఆఖరి పిల్ల ఎవరో తేలింది. రెండువందల పద్నాలుగు నంబరు. పొట్టిగా, బొద్దుగా ఉంది. బురద ఒక బూటు లాగేసుకుంటే ఒంటి మేజోడుతో కుంటుతూ పరిగెడుతోంది. కాలవ గట్టు దగ్గర దుప్పట్లు కప్పుకుని కూర్చున్న ఇద్దరు పిల్లల్లో ఒకతె, మడమ బెణికినది, తోకాయన్ని పిలిచింది.

"అంకుల్, మా దాన్ని ఆపెయ్యకండి. ఆరుగురిలో నలుగురు పూర్తిచేస్తేనే మా స్కూలుకి లెక్క. ముగ్గురు ముందు వెళ్ళిపోయారు. అదే నాలుగోది."

"ఆపడం నా పని కాదమ్మా. నడవడమే," అన్నాడు.

గుట్ట ఎక్కేటప్పుడు ఛాతీ మీద ఎవరో బల్ల దించినట్టయింది. స్కూలు బల్లలన్నీ ఆయనకి తెలుసు. ఇది లైబ్రరీ బల్ల, నలుగురు మొయ్యాల్సింది. ఒక్కో జెండా పీకడానికి రెండు చేతులూ కావలసి వస్తున్నాయి. పైన ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగి, వెనక్కి చూసింది.

"నన్ను తరమకండి తాతయ్యా."

"తరమడానికి నేనెక్కడ పరిగెడుతున్నా తల్లీ? నువ్వాగితే నేనూ ఆగుతా. ఆగుదాం కాసేపు. నాకూ బావుంటుంది."

ఇద్దరూ ఆగారు. ఇద్దరి ఊపిరీ పొగలా వచ్చింది. ఆయనది ఎక్కువ వచ్చింది. అప్పుడు వాకీటాకీ గరగరలాడింది.

"బావా, పదకొండూ నలభై. ఆ పిల్లని జీపెక్కించెయ్. ఎక్కనంటే వదిలేసి నువ్వు అడ్డదారిన వచ్చెయ్. నువ్వు గీత దాటితే చాలు, ఇక్కడ టీచరమ్మ గడియారం ఆపేస్తుంది."

ఆ మాటలు పిల్లకీ వినబడ్డాయి. మొహం చిన్నదైపోయింది.

"మూసేస్తారా?"

"నేను పోతే మూస్తారు. నేను పోనుగా," అన్నాడు తోకాయన. "నడువు. దిగుడే ఇంక."

గుట్ట దిగి, పొలం దాటి, పంపుషెడ్డు కనబడేసరికి ఆయన చొక్కా చలిలో కూడా తడిసి ముద్దయింది. చెమట చల్లగా ఉంది. దవడ కింద నొప్పి పంటినొప్పిలా లాగుతోంది. సంచిలో ఎనభై ఏడు జెండాలు. ఎదురుగా ఒక్కటి.

"ఆ ఎర్రజెండా దగ్గర ఎడమకి తిరుగు. రెండొందల అడుగులు. వెనక్కి చూడకు."

"మీరు?"

"నీ వెనకేగా. అదే నా ఉద్యోగం."

ఆ పిల్ల మలుపు తిరిగింది. తడి మేజోడు చప్పుడు కొంచెం దూరం వినబడింది. తోకాయన జెండా కర్ర మొదట్లో పట్టుకున్నాడు. లాగలేకపోయాడు. కాస్త కూర్చుని పీకుదాంలే అనుకుని, షెడ్డు గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావా, ఎక్కడున్నావ్?"

ఇక్కడే ఉన్నానంటే ఎవరినో ఒకరిని పంపి లాక్కుపోతారు. రెక్కపట్టుకుని గీత దాటిస్తారు. ఆ పిల్ల ఇంకా తాళ్ళ మధ్య ఉంది.

"కాలవ గట్టు మీద," అన్నాడు.

"ఇంకా అక్కడేనా? ఏం చేస్తున్నావ్ నువ్వు?"

"వాకీ," అన్నాడు తోకాయన. మెల్లగా అన్నాడు. వినబడిందో లేదో.

కొంతసేపటికి వాకీటాకీలో టీచరమ్మ గొంతు వచ్చింది. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, పాతికేళ్ళుగా గీత దగ్గర గడియారం ఆవిడదే. "రెండొందల పద్నాలుగు వచ్చింది. రాసుకున్నాను. ఇంక నువ్వు రా నాయనా."

వస్తున్నానని చెబుదామని మీట మీద బొటనవేలు పెట్టాడు. మీట చాలా గట్టిగా ఉంది.

గీత దగ్గర కార్యదర్శి గడియారం చుట్టూ తిరుగుతున్నాడు. "పిల్ల వచ్చేసిందిగా టీచర్, మూసెయ్యండి."

"ఆయన రాలేదు."

"మా బావ నడక మీకు తెలీదా? నత్తలు హారన్ కొట్టి దాటేస్తాయి. సాయంత్రమవుతుంది."

"అయితే సాయంత్రమే మూస్తాను," అని టీచరమ్మ గొడుగు సర్దుకుంది.

కార్యదర్శి వేదిక దగ్గరికి వెళ్ళిపోయాడు. ముఖ్య అతిథి మూడు కప్పులిచ్చి, గడియారం చూసుకుని కారెక్కాడు. ఫలితాల కాగితం అతికించారు. మొత్తం ముప్ఫై స్కూళ్ళు. ముప్ఫయ్యోదిగా ఆ పిల్లల స్కూలు పేరు ఉంది. ఆరుగురూ దాన్ని వేలితో తడుముతూ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఒంటి మేజోడు పిల్ల దుప్పటి ఈడ్చుకుంటూ గీత దగ్గరికి వచ్చింది.

"తాతయ్య ఏరండీ? చెబుదామని."

"కాలవ గట్టు మీద ఉన్నాడటమ్మా."

"కాదండీ. మలుపు దాకా నా వెనకే ఉన్నారు."

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది.

కార్యదర్శి చెక్కలు వదిలేసి బురదలోంచే పరిగెత్తి వచ్చాడు. తోకాయన గోడకి ఆనుకునే ఉన్నాడు. కుడిచెయ్యి జెండా కర్ర మొదట్లో ఉంది. బూట్ల తాళ్ళు విడలేదు, రెండు ముళ్ళూ అలాగే ఉన్నాయి. కార్యదర్శి ముందు భుజం పట్టుకుని కుదిపాడు. తర్వాత కుదపడం మానేశాడు.

"బావా," అన్నాడు. "ఇది కాలవ గట్టు కాదు బావా."

ఫోను తీసి అక్క నంబరు దాకా వెళ్ళాడు. నొక్కలేదు. తెర ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాడు.

స్ట్రెచరు తెచ్చారు. అంబులెన్సుకి షెడ్డు వెనకనించి దగ్గరదారి ఉంది. టీచరమ్మ వద్దంది. తాళ్ళ మధ్యనించి తీసుకెళ్ళమంది. నలుగురు మోశారు. స్ట్రెచరు గీత దాటాక ఆవిడ గడియారం ఆపి, కాగితం మీద ఆ వేళ రాసి, కింద గీత గీసింది.

మూడింటికల్లా తాళ్ళు చుట్టారు, కుర్చీలు లారీకెక్కించారు. సంచి కూడా ఎక్కించారు. అందులో ఎన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పంపుషెడ్డు మలుపులో దుప్పటిగుడ్డ జెండా, మళ్ళీ మొదలైన తుంపరలో తడుస్తూ, ఎడమకి తిరగమని చూపిస్తూ నిలబడే ఉంది.