మనసు నిచ్చెనలో అయిదో మెట్టు

మాష్టారికి ఆ ఏడాదితో ఉద్యోగం అయిపోతుంది. నిజానికి ఆయన లోలోపల ఎప్పుడో రిటైరయ్యారు, కాలేజీకే ఆ సంగతి తెలియలేదు. మనస్తత్వ శాస్త్ర చరిత్ర అనే పేపరు ఆయన కుర్రతనంలో నెత్తిన పడింది, ఇప్పటిదాకా దిగలేదు. పరీక్షలో ఒక ప్రశ్న వస్తుంది కాబట్టి పిల్లలు వింటారు, జీతం వస్తుంది కాబట్టి ఆయన చెబుతారు. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.

అందులోనూ పరిణామ సిద్ధాంతం పాఠం ఆయనకి నోటికి వచ్చేసింది. మనిషి ఒళ్ళు జంతువు నుంచి వచ్చినప్పుడు మనసు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడుతుందా అని మొదట ఎవరో అడిగారు. మంచి ప్రశ్న. తరువాతివాళ్ళు దానికి కాళ్ళూ చేతులూ తగిలించారు. పసిబిడ్డ ఎదగడమంటే జాతి మొత్తం నడిచిన దారి మళ్ళీ నడవడమే అన్నారు కొందరు. ఇంకొందరు పుట్టుకతో వచ్చే సహజాతాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మనిషి తుమ్మినా దగ్గినా ఒక సహజాతాన్ని అంటగట్టారు. అది చూసి ఒళ్ళు మండినవాళ్ళు సహజాతమూ లేదు, మనసూ లేదు, ఉన్నదల్లా ప్రవర్తనే అని తేల్చేశారు. కొన్నాళ్ళకి అదీ చాలక, కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఇదంతా చెప్పేసరికి గంట కొడతారు, మాష్టారు చేతికి అంటిన సుద్ద దులుపుకుని స్టాఫ్ రూముకి వెళ్ళి కళ్ళు మూసుకుంటారు.

ఈ పాఠానికి ఒక పటం ఉంది. డిపార్టుమెంటు పెట్టిన పెద్ద ప్రొఫెసరు స్వయంగా తయారుచేసిన పటం, పేరు మనసు నిచ్చెన. కింద మెట్టు మీద నీటిలో తేలే జిగురు జీవి, ఆ పైన చేప, కుక్క, కోతి. అయిదో మెట్టు మీద ఒక ఆడపిల్ల ఫోటో. దాని పక్కన ఎర్ర సిరాతో 'మందబుద్ధి బాలిక: అనుకరణ ఉంది, సానుభూతి లేదు' అని రాసి ఉంటుంది. ఆరో మెట్టు మీద చిన్న పిల్లవాడు, బుగ్గల మీద కన్నీళ్ళు. 'మామూలు బాలుడు: సానుభూతి మొలకెత్తింది.' అన్నిటికీ పైన కోటు వేసుకున్న పెద్దమనిషి నిలబడి ఉంటాడు. ఆయన ఎవరో కాదు, పెద్ద ప్రొఫెసరుగారే. ఎవరి పటంలో వాళ్ళు కింద మెట్టు మీద ఎందుకుంటారు?

ఆ అయిదో మెట్టు పిల్ల మాష్టారి అక్క. ఆరో మెట్టు మీద ఏడుస్తున్నవాడు మాష్టారు.

పిల్లకి మాట ఆలస్యమైందని, పెద్ద ప్రొఫెసరు బాగుచేస్తారని ఎవరో చెబితే, వాళ్ళమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని కాలేజీలో ఆయన గదికి వెళ్ళింది. ఫోటోలు తీశారు, తలలు కొలిచారు, మళ్ళీ రమ్మన్నారు. వెళితే ఎవరూ పలకలేదు. మాష్టారికి అప్పుడు ఊహ తెలియదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు గోడ మీద పటం చూసి, ఇంట్లో ఉన్న పాత ఫోటోల్లోని మొహాలే అవి అని ఆయన గుర్తుపట్టారు. అప్పుడే చెప్పవలసింది. కొత్త ఉద్యోగం, పెద్ద ప్రొఫెసరు ఇంకా బతికే ఉన్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నారు. ఆ రేపు రాలేదు.

అలాగని ఆ సిద్ధాంతాన్ని ఆయన ఎన్నడూ వెనకేసుకురాలేదు. ప్రతి ఏడాదీ దాన్ని ఉతికి ఆరేసేవారు. బెత్తం కొన ఆ పిల్ల మొహం మీద ఆనించి, "చూడండి, శాస్త్రం పేరుతో ఒక పసిపిల్లని కోతికీ మనిషికీ మధ్య నిలబెట్టారు," అని కోపంగానే చెప్పేవారు. ఆ పిల్ల ఎవరన్నది మాత్రం చెప్పేవారు కాదు. సాయంత్రం ఇంటికి వెళితే ఆ పిల్లే తలుపు తీసేది.

అక్క ఆసుపత్రి లాండ్రీలో దిండు గలీబులు మడతపెట్టే పని చేస్తుంది. మాట కాస్త ముద్దగా ఉంటుంది, చదువు రాలేదు, పనిలో మాత్రం ఎవరిచేతా మాట పడలేదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు వాళ్ళిద్దరిదీ. రోజూ అన్నం దగ్గర ఆవిడది ఒకే ప్రశ్న.

"మీ కాలేజీ ఎప్పుడు చూపిస్తావురా చిన్నోడా?"

"చూపిస్తాలే అక్కా."

"నువ్వు ఎప్పుడూ ఇంతే."

కాలేజీ పాత భవనం కూలగొడుతున్నారని తెలిసినప్పుడు మాష్టారి గుండెల మీంచి బరువు దిగింది. చెత్తతో పాటు పటమూ పోతుంది, తన నోటితో ఏమీ చెప్పక్కర్లేదు. కానీ ఆయన శిష్యురాలే ఇప్పుడు డిపార్టుమెంటు హెడ్డు. కాలు ఒకచోట నిలవని మనిషి. ఆవిడ పటాన్ని తానే మోసుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"మాష్టారూ, ఇది బంగారం! కొత్త వసారాలో మన శాస్త్రం చరిత్రంతా పెడుతున్నాం. నడుమ ఇదే."

"అదెందుకమ్మా, దుమ్ము కొట్టుకుపోయింది."

"తుడిపిస్తాను."

"తప్పుడు సిద్ధాంతం."

"అందుకే పెట్టాలి. తప్పుల్ని దాచేస్తే చరిత్ర ఎందుకని మీరేగా మాకు చెప్పింది? కింద వివరణ కూడా మీరే రాసిపెట్టండి."

మా అక్క అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇన్నేళ్ళ పాఠాలూ వచ్చి అడ్డం నిలబడ్డాయి. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగితే ఏం చెప్పాలి? జవాబు వెతుక్కునే ఓపిక కూడా ఆయనకి లేదు. కాగితం తీసుకుని రెండు ఫోటోల వివరాలూ రాశారు: ఎవరో తెలియని బాలిక, ఎవరో తెలియని బాలుడు. రాసి, ఆ పూటకి సెలవు పెట్టి ఇంటికి వెళ్ళి పడుకున్నారు.

ఇక మిగిలింది ఒకటే, అక్క ఆ వసారాలోకి రాకూడదు. అదొక్కటీ జరిగితే చాలు, ఈ కొద్ది నెలలూ ఎలాగో లాగించేయవచ్చు. కోతి పక్కన తన మొహం అక్క చూడకూడదు. దాని కింద తమ్ముడి రాత ఉండగా అసలు చూడకూడదు.

హెడ్డుగారు ఊరుకుంటేగా! ప్రారంభోత్సవానికి ఇంటివాళ్ళందరినీ తీసుకురావాలని తానే ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తింది అక్క.

"నీకు కాళ్ళు నొప్పులన్నావుగా?" అన్నారు మాష్టారు.

"అవి నిన్నటి నొప్పులు," అంది అక్క, పెట్టెలోంచి నీలం చీర తీస్తూ.

వెనక మెట్ల మీదుగా తీసుకెళ్ళి, తిన్నగా హాల్లో కూర్చోబెట్టి, మీటింగు కాగానే అటునుంచి అటే ఇంటికి తీసుకుపోవాలని మాష్టారి పథకం. వెనక మెట్లకి తాళం వేసి ఉంది. వసారా అంతా జనం. అక్క చెయ్యి పట్టుకుని, తల వంచుకుని, గోడ వైపు తానుండి గబగబా నడిపించారు. సగం దూరం వెళ్ళాక ఆ చెయ్యి ఆయన చేతిలోంచి జారిపోయింది.

"ఒరేయ్ చిన్నోడా! మనిద్దరం!"

అక్క పటం ముందు నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. పక్కనున్న విద్యార్థులకి వేలెత్తి చూపిస్తోంది. "ఇది నేను. వీడు మా తమ్ముడు. మా అమ్మ కుట్టిన గౌను ఇది."

అందరూ మాష్టారి వైపు తిరిగారు. హెడ్డుగారు ఆవిడ మొహం చూసి, ఫోటో చూసి, కింద ఉన్న వివరణ చూసింది. ఆ చేతిరాత ఎవరిదో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. మాష్టారికి నేల చీలితే బాగుండుననిపించింది.

అక్క మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు. ఎర్ర సిరా రాతలు ఆవిడకి చదవడం రాదు. నవ్వుతూ చూస్తున్నదల్లా ఫోటోకి ఇంకా దగ్గరగా వంగి, నొసలు చిట్లించింది.

"నా చెయ్యేదిరా?"

"ఏ చెయ్యి అక్కా?"

"వాళ్ళు ఫట్టుమని మెరుపు వెలిగించారు. నువ్వు జడుసుకుని ఒకటే ఏడుపు. నేను వచ్చి నీ చెయ్యి పట్టుకున్నా. అప్పుడు మళ్ళీ తీశారు, ఇద్దరినీ కలిపి. నా చెయ్యి ఎవరు కోసేశారు?"

మాష్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. రెండు ఫోటోల అంచులూ కత్తెరతో కోసినవి. అయిదో మెట్టు పిల్ల కుడి చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. ఆరో మెట్టు పిల్లవాడి మణికట్టు మీద, చొక్కా మడత అని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నచోట, నాలుగు చిన్న వేళ్ళున్నాయి.

సానుభూతి మొలకెత్తిందని రాసినది ఆ పిల్లవాడి పక్కన. వాడు ఏడ్చినది భయంతో. పెద్ద ప్రొఫెసరు తన నిచ్చెన నిలబెట్టుకోవడానికి కత్తెర వేశాడు. ఉన్న సానుభూతిని కోసి పైమెట్టు మీద అంటించాడు. మాష్టారు దాని ముందు నిలబడి, దాన్ని తిడుతూనే, ఒక ఉద్యోగం పొడుగునా పాఠం చెప్పారు. ఆ పిల్లని చూసి జాలిపడమన్నారే గాని, ఆయనా సరిగా చూడలేదు.

"దింపించేయమంటారా మాష్టారూ?" హెడ్డుగారి గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"వద్దమ్మా. ఉండనివ్వండి. కింద నేను రాసింది చింపేయండి. మా అక్క అని రాయండి. నేనని రాయండి." ఆ తరువాత ఆయన అంతమందిలోనూ, జేబులో రుమాలు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, భోరుమన్నారు.

అప్పుడే ఎవరో కుర్రవాడు అనాలోచితంగా సెల్‌ఫోన్ ఎత్తి ఫోటో తీశాడు. వసారా అంతా ఒక్కసారి తెల్లగా మెరిసింది. అక్క చప్పున వచ్చి తమ్ముడి మణికట్టు పట్టుకుంది.

"ఏడవకురా. ఇంకొక్కసారి మెరుస్తుంది, అంతే. నేనున్నాగా!"