వత్సలకో గది

పొద్దున్నే మంచం మడిచి గోడకు ఆనిస్తే గానీ హేమలతకు టీ కాచుకోవడానికి చోటుండదు. ముంబైలో గిర్‌గావ్ చాల్, వరసగా ఒంటిగది కాపురాలుండే పాత భవనం. మూడో అంతస్తు, ఒకటే గది. అందులో ఆమె, భర్త దిగంబర్, కొడుకు ఓంకార్, బళ్ళో సంగీతం చెప్పి రిటైరైన దిగంబర్ అక్క వత్సల. ఓంకార్‌కి పెళ్ళి కుదిరింది. కోడలు వచ్చేలోగా విరార్‌లో ఆడవాళ్ళ హాస్టల్‌కి వెళ్ళిపోతానంది వత్సల. వద్దని ఎవరూ గట్టిగా అనలేదు.

ఇళ్ళు సర్దిపెట్టే ఉల్కా వచ్చి చూసింది. బీరువా తీయించి సామానంతా అటక ఎక్కించింది. గోడలకు మజ్జిగ రంగు వేయించింది. కిటికీకి ఎదురుగా నిలువెత్తు అద్దం బిగించింది.

"ఇదంతా కంటిని మోసం చెయ్యడమే హేమలతగారూ. లేని చోటు తేవడం నా వల్ల కాదు," అంది.

మర్నాడు అద్దం తుడుస్తుంటే హేమలత చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. ఉల్కాకి ఫోన్ చేసింది.

"కొన్ని అద్దాలంతే. మొదట్లో బరువులు పెట్టకండి."

ముందు దుప్పట్లు పెట్టింది. తర్వాత ఉల్లిపాయల బుట్ట, వత్సల హార్మోనియం. పక్కింటి మాలతి అద్దంలోకి తొంగిచూసి, "మీకు గాలి కూడా వస్తోందే! మా అద్దంలో చెంబైనా పట్టదు," అని మూతి విరిచింది. లోపల పెట్టిన చొక్కాలకు గుండీలు అటువైపుకి మారేవి. దిగంబర్ అలవాటు పడ్డాడు.

ప్రయాణం రోజున వత్సల హార్మోనియం తెచ్చుకోవడానికి అద్దంలోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. కింద టాక్సీ హారన్ మోగుతోంది. హేమలత లోపలికి అడుగుపెట్టింది.

వత్సల కిటికీ దగ్గర కూర్చుని, కుడిఎడమలైన హార్మోనియం మెట్లను వెతుక్కుంటూ వాయిస్తోంది. గొంతెత్తి పాడుతోంది. ఇంట్లో ఎప్పుడూ కూనిరాగమే. ఈ గొంతు హేమలత ఎన్నడూ వినలేదు.

"వదినా, టాక్సీ వచ్చింది."

"వస్తున్నా, ఈ ఒక్క చరణం. అక్కడ ఇలా పాడితే తన్ని తరిమేస్తారు."

హేమలత వెనక్కి తిరిగి అద్దం అంచు తడిమి చూసింది. "ఇక్కడ తలుపు లేదుగా. పరదా ఏ రంగుది కుట్టమంటారు?"

వత్సల వేళ్ళు ఆగిపోయాయి. "కోడలు ఏమనుకుంటుందో..."

"దాని సంగతి నాకొదిలెయ్యండి. ఉండమని ముందే అనాల్సింది. నోరు రాలేదు."

వసారాలోకి వచ్చి, కింద టాక్సీ దగ్గరున్న దిగంబర్‌కి కేకేసింది: "టాక్సీని పంపించెయ్యండి! మీ అక్క వెళ్ళట్లేదు."

దిగంబర్ వెంటనే అక్క ట్రంకుపెట్టె భుజాన వేసుకుని, మధ్యలో ఎక్కడా దించకుండా పైదాకా మోసుకొచ్చాడు.