కొట్టెయ్యని పేర్లు

అధికారి మా వాడ గోడకు నోటీసు అంటించాడు. పదేళ్లలో ఇక్కడి జనం రెట్టింపయ్యారట, అందుకే నేలలో నీళ్లు అడుగంటాయట, నెల తిరిగేలోగా వాడ ఖాళీ చెయ్యాలట. గోడ అవతల గుడ్డలకు రంగులద్దే ఫ్యాక్టరీ ఆరు మోటార్లతో నీళ్లు తోడుతూనే ఉంది. దాని ఊసు నోటీసులో ఒక్క ముక్క లేదు.

"భూమ్మీద ఎక్కడ చూసినా జనమే. మీరిలా కనుకుంటూ పోతే నీళ్లెక్కణ్ణించి తెమ్మంటారు?" అంటూ లెక్కల కాగితం మా ముఖాల ముందు ఆడించాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ తప్పుడు లెక్క మా పుణ్యమే. ట్యాంకరు నీళ్లకు తలకో కార్డు, కార్డుకు రెండు బిందెలు. పేరు కొట్టేస్తే రెండు బిందెలూ పోతాయి. అందుకే ఎవరు పోయినా మేం చెప్పలేదు. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాం. పుట్టినవాళ్లు కాగితంలోకి చేరుతూ వచ్చారు, పోయినవాళ్లు అందులోనే ఉండిపోయారు. చచ్చిపోయిన మా నాన్న వంతు నీళ్లు నేనూ తాగాను.

ఫ్యాక్టరీలో షిఫ్టు మారే వేళ అక్కడే గుడ్డలు జాడించే మా వాడవాళ్లమంతా షెడ్డు వెనక చేరాం.

"అసలు లెక్క చెప్పేద్దాం. ఎందుకు పోయారో కూడా చెబుదాం," అన్నాను.

"తర్వాత నీళ్లు నీ తాత పోస్తాడా?" మా వాడలోనే ఉండే మేస్త్రీ ఇంతెత్తున లేచాడు. "దొంగ కార్డులని లోపలేస్తారు. మా ఇంట్లోనే ముగ్గురు..." మాట మింగేశాడు.

అప్పుడు మా వదిన అందుకుంది. ఆమె కూతురు పదకొండేళ్లకే పోయింది.

"రోజూ ట్యాంకరువాడు నా పిల్లని పేరు పెట్టి పిలుస్తాడు అబ్బాయ్. ఇంకెవరూ పిలవరు దాన్ని. అదీ ఆపెయ్యమంటావా?"

ఎవరి దారిన వాళ్లం పోయాం.

నోటీసు గడువు తీరగానే అధికారి పోలీసులతో దిగాడు, ఇళ్లు కూల్చడానికి. ఇల్లే కూలితే ఇంక ట్యాంకరువాడు మాత్రం ఎక్కడ పిలుస్తాడనుకుందేమో, వాళ్ల ముందుకు మొదట నడిచింది వదినే. పిల్ల కార్డు ముందుకు చాపింది.

"నా కూతురు పోయి ఏడాదిన్నరైంది సార్. ఫ్యాక్టరీ వదిలిన రంగునీళ్లు మా బావిలోకి ఊరాయి. అవి తాగి కామెర్లొచ్చి పోయింది. పేరు కొట్టెయ్యండి."

"అంటే ఏడాదిన్నరగా సర్కారు నీళ్లు దొంగిలించావన్నమాట. జీపెక్కు."

అంతలో మేస్త్రీ జనాన్ని తోసుకుంటూ వచ్చి మూడు కార్డులు జీపు ముందుభాగం మీద కొట్టాడు.

"నేనూ దొంగనే. ముగ్గురు. మా అమ్మ, మా ఆవిడ, కార్డులో 'పాప' అని రాయించిన, పేరైనా పెట్టని పసిగుడ్డు. రాసుకో."

ఆ వెనక నేను, నా వెనక ఇస్త్రీ ముసలాయన, ఆయన వెనక వాడంతా. ఒక్కొక్కరూ పోయినవాళ్ల పేరు చెప్పి, ఏ జబ్బుతో పోయారో చెప్పి, సంకెళ్లకు చేతులు చాచారు. రాస్తున్న అధికారి కలం మధ్యలో ఆగిపోయింది.

"చాలు, చాలు! ఇంతమందిని ఎక్కడ పెట్టను?"

"ఇంకో బండి తెప్పించుకో," అన్నాడు మేస్త్రీ. "మేం మరీ ఎక్కువమందిమని నువ్వే రాశావుగా!"

మూడు బండ్లు వచ్చాయి. చాలలేదు. మిగిలినవాళ్లం నడిచే వెళ్లి, మమ్మల్నీ లోపలెయ్యమని స్టేషన్ ముందు కూర్చున్నాం.